ఫ్యాన్ లేని కూలింగ్ చిప్పుల కోసం ఆగాలా, ఇప్పుడే కొనాలా?

మీరు అడిగింది ఇదీ: రాత్రిపూట ఇంట్లో పాఠాలు రికార్డు చేస్తారు, ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మైకులో పడుతోంది, ఫ్యాన్ లేకుండానే చల్లబరిచే చిప్పులు వచ్చాయని విన్నారు, అవి ఉన్న ల్యాప్‌టాప్ వచ్చేదాకా ఆగాలా వద్దా. నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఆగకండి. ఆ చిప్పులు ఉత్తమాటలని కాదు. అవి నిజంగానే పనిచేస్తాయి, వాటితో నడిచే ఒక చిన్న కంప్యూటర్‌ని నా బల్ల మీద పెట్టుకుని చూశాను కూడా. కానీ అవి తీర్చే ఇబ్బంది వేరు, మీ ఇబ్బంది వేరు. మీది ఈ రాత్రికే చాలావరకు తీరిపోయేది.

నేను ఆడియో పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. మైకు, కంప్యూటర్ ఒకే గదిలో ఉంటాయి, వేరే గది లేదు. అందుకే కంప్యూటర్ చప్పుడు గురించి ఏళ్ల తరబడి పట్టించుకోవలసి వచ్చింది. ఈ రంగంలో కొన్ని ఆడియో పుస్తకాల సైట్లు మాట లేని చోట శబ్దం మైనస్ 60 డెసిబెల్స్‌కి మించకూడదని షరతు పెడతాయి (రికార్డింగ్‌లో పట్టగల గరిష్ఠ శబ్దాన్ని సున్నా అనుకుని కిందకి లెక్కపెట్టే కొలత ఇది). ఫ్యాన్ ఒక్కసారి ఊపందుకుంటే ఆ గీత దాటిపోతుంది, ఫైలు తిరిగొచ్చేస్తుంది.

ముందు వేడి సంగతి. కంప్యూటర్ తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 15 వాట్లు లాగితే 15 వాట్ల వేడి ఎటో ఒకవైపు బయటికి పోవాలి. ఫ్యాన్ తీసేసినంత మాత్రాన ఆ వేడి మాయం కాదు. చిప్ 95, 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కానీ దాన్ని పట్టుకున్న చెయ్యి ఓర్చుకోదు. లోహం 45 డిగ్రీలు దాటితే వేళ్లు వెనక్కి తీసేసుకుంటాం. ఫోన్లు మందగించేది చాలాసార్లు లోపలి చిప్ తట్టుకోలేక కాదు, పైతొడుగు చేతికి వేడిగా తగలకూడదని.

ఇక్కడ చిన్న లెక్క చూస్తే చాలా విషయాలు తేలిపోతాయి. ఫోన్‌కి రెండు వైపులా కలిపి ఉన్న ఒంటి వైశాల్యం తక్కువ. చుట్టూ ఉన్న గాలి కన్నా 20 డిగ్రీలు వేడెక్కనిచ్చినా అది తనంతట తాను వదలగలిగేది సుమారు 3 నుంచి 5 వాట్లు. ల్యాప్‌టాప్ పెద్దది కాబట్టి 10, 15 వాట్ల దాకా వదలగలదు. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌లన్నీ ఆ అంకెల దగ్గరే తిరుగుతుంటాయి, ఎవరు తయారు చేసినా సరే. హీట్ పైపులు, వేపర్ చాంబర్లు అని ప్రకటనల్లో చూస్తుంటారు కదా, అవి బొత్తిగా చప్పుడు చేయవు, చాలా మంచివి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ రూపు దిద్దిన హీట్ పైపు ఇప్పుడు పలచగా సాగి ఫోన్లలోకి వచ్చేసింది, 2025లో ఐఫోన్ 17 ప్రోలోకి కూడా. అయితే అవి వేడిని ఒక చోట నుంచి ఇంకో చోటికి చేరవేస్తాయి, అంతే. ఆ రెండో చోట దాన్ని గాలికి అప్పగించే పని ఇంకా మిగిలే ఉంటుంది. కొత్త చిప్పులు చేసేది ఆ పనే.

ఫ్యాన్ లేని యంత్రం కావాలన్న కోరిక కొత్తదేం కాదు. 2000లో ఆపిల్ తెచ్చిన పవర్ మ్యాక్ జీ4 క్యూబ్‌లో ఫ్యాన్ లేదు, వేడిగాలి పైకి లేచి పోయేలా మధ్యలో దారి వదిలారు. మరుసటి ఏడాదే దాన్ని ఆపేశారు. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్ కూడా ఫ్యాన్ లేకుండానే వచ్చింది. అసలు కథ మారింది 2020లో ఆపిల్ సొంత చిప్ ఎం1తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌తో. కూలింగ్‌లో కొత్తదనం ఏమీ లేదు అందులో, ఉన్నది ఒక అల్యూమినియం పలక. చిప్పే తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టింది. నేను ఇప్పటికీ రికార్డింగ్‌కి వాడేది అదే. గంటల తరబడి చదివినా ఒక్క చప్పుడు రాదు. రికార్డింగ్ అనేది ప్రాసెసర్‌కి చాలా చిన్న పని.

కానీ అదే మెషీన్ మీద పెద్ద ఫైలు శుభ్రం చేయడమో, వీడియో ఎక్స్‌పోర్ట్ చేయడమో పెడితే తేడా తెలుస్తుంది. మొదటి కొన్ని నిమిషాలు చకచకా సాగి, ఒళ్లు వేడెక్కాక వేగం మెల్లగా దిగుతుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. చాలామంది చేసే ఒక మార్పు నేనూ చేశాను: లోపలి పలకకీ కింది మూతకీ మధ్య వేడిని దాటించే మెత్తటి థర్మల్ ప్యాడ్ అతికించాను, మూత మొత్తం హీట్‌సింక్‌లా, అంటే వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మలా పనిచేసేలా. ఎక్స్‌పోర్ట్ వేగం పడిపోవడం బాగా తగ్గింది. దానికి బదులుగా కింది మూత ఒళ్లో పెట్టుకోలేనంత వేడెక్కుతుంది. నాకు బల్ల మీదే పని కాబట్టి సరిపోయింది. ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లకు మాత్రం చెప్పను.

ఇప్పుడు మీరు విన్న చిప్పుల దగ్గరికి వద్దాం. వాటిలో ఎక్కువ పేరు వినిపించేది ఎయిర్‌జెట్. శేషు మాధవపెద్ది, సూర్యప్రకాశ్ గంటి మొదలుపెట్టిన ఫ్రోర్ సిస్టమ్స్ దీన్ని 2022 డిసెంబర్‌లో బయటపెట్టింది. ఎయిర్‌జెట్ మినీ మందం 2.8 మిల్లీమీటర్లు, పొడవు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు. లోపల తిరిగేది ఏమీ ఉండదు. పలచని పొరలు ఉంటాయి, కరెంటు ఇస్తే అవి మన చెవికి అందనంత వేగంగా, అంటే సెకనుకు 20 వేల సార్లకు పైగా, కంపిస్తాయి. కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టే: పొర ఒకవైపు వంగితే పైనున్న రంధ్రాల గుండా గాలి లోపలికి వస్తుంది, మరోవైపు వంగితే కింద ఉన్న సన్నని రంధ్రాల్లోంచి దూసుకుపోయి రాగి పలకకి తగులుతుంది. ఆ దూసుకుపోయే వేగం గంటకి 200 కిలోమీటర్ల దాకా ఉంటుందని కంపెనీ చెబుతుంది.

ఆ వేగం ఎందుకంటే, ఏ వేడి వస్తువుకైనా ఒంటికి అంటుకుని కదలని పలచటి గాలి పొర ఒకటి ఉంటుంది. అది వేడిని పట్టి ఉంచుతుంది. మామూలు ఫ్యాన్ గాలి ఆ పొర మీదుగా జారిపోతుంది. నేరుగా గుచ్చినట్టు తగిలే సన్నని ధార ఆ పొరని చీల్చేస్తుంది. అందుకే కొంచెం గాలితోనే ఎక్కువ వేడి లాగగలుగుతుంది, బయటికి వచ్చే గాలి కూడా బాగా వేడిగా వస్తుంది.

ఎయిర్‌జెట్ మినీ ఒకటి 5.25 వాట్ల వేడిని తీసేయగలదని, దానికి తాను 1 వాట్ వాడుకుంటుందని, చప్పుడు 21 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క. ప్రో అనే పెద్దదానికి 10.5 వాట్లు, 24 డెసిబెల్స్. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 5.25 వాట్లు తీయడానికి 1 వాట్ ఖర్చు. ఆ ఒక్క వాట్ కూడా వేడే అవుతుంది. అంటే ప్రాసెసర్‌కి నికరంగా దక్కేది 4 వాట్లకి కాస్త పైన. పాతిక వాట్ల ల్యాప్‌టాప్‌ని వీటితోనే చల్లబరచాలంటే ఎన్ని పెట్టాలో మీరే లెక్క వేసుకోవచ్చు. వంద వాట్లు లాగే గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నేను చూసింది జోటాక్ వాళ్ల జడ్‌బాక్స్ పీఐ430ఏజే. 2023లో కంప్యూటెక్స్ అనే కంప్యూటర్ల ప్రదర్శనలో చూపించిన చిన్న కంప్యూటర్ అది, ఎయిర్‌జెట్‌తో వచ్చిన మొదటిది. ఇంటెల్ కోర్ ఐ3 ఎన్300 ప్రాసెసర్, దాని మీద రెండు ఎయిర్‌జెట్ మినీలు. మిత్రుడి దగ్గర తీసుకుని కొన్నాళ్లు పెట్టుకున్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది. గాలి బయటికి వచ్చే చోట సన్నగా చింపిన టిష్యూ కాగితం పట్టుకుంటే, కంప్యూటర్‌కి పని లేనప్పుడు కాగితం కదలదు. వీడియో మార్పిడి పెడితే కాసేపటికి ఆ కాగితం కొస అవతలికి వంగి అలాగే నిలబడుతుంది. వేలు పెడితే సన్నటి వెచ్చటి ధార. మీటర్ దూరంలో కూర్చుంటే నాకు ఏమీ వినపడలేదు. చెవి దాదాపు ఆనించి వింటే 'స్స్' మని పలచటి గాలి చప్పుడు. మైకుకి అర మీటర్ దూరంలో పెట్టి రికార్డు చేసి, అది ఆపి మళ్లీ రికార్డు చేసి, రెండూ హెడ్‌ఫోన్స్‌లో పక్కపక్కన విన్నాను. ఏది ఏదో నా చెవికి తెలియలేదు. ఎన్నో రకాల కంప్యూటర్లతో చేసిన పరీక్ష ఇది. గాలి బయటికి తోసే యంత్రం ఏదీ ఇంతకు ముందు ఇందులో నెగ్గలేదు. నాకు చాలా సంతోషమనిపించింది.

అయితే అక్కడే ఇంకోటి కూడా విన్నాను. ఫ్యాన్ మోత పోయాక దాని కింద ఇన్నాళ్లూ దాక్కున్న చప్పుళ్లు బయటపడతాయి. బోర్డు మీద కరెంటుని సరిచేసే కాయిల్స్ సన్నగా కీచుమంటాయి, స్క్రీన్ మీద పేజీ పైకీ కిందకీ జరుపుతుంటే ఆ కీచు శ్రుతి మారుతుంటుంది. కొన్ని చార్జర్లు కూడా అంతే. ఇది ఎయిర్‌జెట్ తప్పు కాదు, ఫ్యాన్ లేని ఏ కంప్యూటర్‌లోనైనా వినొచ్చు. మీరు కొనేటప్పుడు 'ఫ్యాన్ లేదు' అని చదివి చప్పుడే ఉండదని అనుకోవద్దని చెబుతున్నాను.

నా ఉద్దేశంలో ఎయిర్‌జెట్ లాంటి వాటి అసలు గొప్పదనం నిశ్శబ్దం కన్నా పీడనంలో ఉంది. మినీ 1750 పాస్కల్ దాకా ఒత్తిడి ఇస్తుందంటారు. ల్యాప్‌టాప్ ఫ్యాన్లతో పోలిస్తే సుమారు పది రెట్లని కంపెనీ మాట. ఫ్యాన్‌కి ఎదురుగా సన్నని జాలీ అడ్డం పెడితే గాలి ఆగిపోతుంది. దీనికి దుమ్ము పట్టే ఫిల్టర్ అడ్డం పెట్టినా గాలి లాక్కుంటుంది. దుమ్ము లోపలికి పోకపోతే ఏళ్లు గడిచినా వేగం తగ్గదు. ల్యాప్‌టాప్ మూత విప్పి చూసినవాళ్లకి ఆ విలువ తెలుస్తుంది: ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రెక్కలకీ మధ్య నూగు, దుమ్ము మేట వేసుకుని ఉంటుంది, గాలి దారే ఉండదు. సన్నటి దారుల్లోంచి కూడా గాలి తోయగలదు కాబట్టి టాబ్లెట్లు, కెమెరాలు, మందం పెంచలేని పరికరాలు దీంతో ఎక్కువ లాభపడతాయి. 2023లో ఫ్రోర్ వాళ్లు 15 అంగుళాల ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో వీటిని అమర్చి, వేగం పడిపోకుండా నడిచేలా చేసి చూపించారు. తమంతట తాము చేసిన ప్రదర్శన అది, ఆపిల్ అమ్మే సరుకు కాదు.

రెండోది ఎక్స్‌మెమ్స్ వాళ్ల చిప్, 2024 ఆగస్టులో ప్రకటించారు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లకి సిలికాన్ మీద స్పీకర్లు చేసేవాళ్లు వీళ్లు, అదే పద్ధతిని గాలి తోయడానికి మళ్లించారు. మందం 1.08 మిల్లీమీటర్లు, బరువు 150 మిల్లీగ్రాముల లోపు. సెకనుకి గరిష్ఠంగా 39 ఘన సెంటీమీటర్ల గాలి. వార్తల్లో 'ఫోన్‌కి ఏసీ' అన్నట్టు రాశారు. లెక్క చూడండి: ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 1.2 జూల్స్ పడతాయి. 39 ఘన సెంటీమీటర్ల గాలి 20 డిగ్రీలు వేడెక్కి బయటికి పోయిందనుకుంటే అది సెకనుకి మోసుకెళ్లేది ఇంచుమించు 0.9 జూల్, అంటే 0.9 వాట్. ల్యాప్‌టాప్‌కి అది లెక్కలోకి రాదు. 4 వాట్ల దగ్గర ఇరుక్కున్న ఫోన్‌కి మాత్రం ఒక వాట్ అదనంగా దొరకడం పెద్ద సంగతే. ఎవరికి ఉపయోగమో అంకెలే చెబుతాయి.

అయాన్ గాలి పద్ధతి ఒకటి ఉంది, వెంటివా అనే కంపెనీ దాని మీద పనిచేస్తోంది. సన్నటి తీగకి ఎక్కువ వోల్టేజి ఇస్తే దాని చుట్టూ గాలి అయాన్లుగా మారి, కదులుతూ పక్కనున్న గాలిని లాక్కుపోతుంది. కదిలే భాగమే లేదు. చాలా ఏళ్లుగా చాలామంది ప్రయత్నించిన దారి ఇది. ఓజోన్ పుట్టడం, తీగ మీద దుమ్ము పేరుకోవడం ఎప్పుడూ అడ్డుపడుతూ వచ్చిన రెండు చిక్కులు. దీన్ని నేను స్వయంగా చూడలేదు కాబట్టి ఎక్కువ చెప్పను.

ఇక మీ సంగతి. రికార్డింగ్‌ని పాడుచేసేది ఫ్యాన్ ఎంత గట్టిగా మోగుతోందన్నది కాదు, మధ్యలో మారడం. ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కి ముప్పైకి పైగా రెక్కలుంటాయి. నిమిషానికి 4 వేల చుట్లు తిరిగితే అది సుమారు 2 వేల హెర్ట్జ్ దగ్గర ఈల వేసినట్టు మోగుతుంది. మన హల్లులు స్పష్టంగా వినపడే చోటు సరిగ్గా అదే. ఒకే తీరున మోగే చప్పుడైతే వెనక చప్పుడుని తుడిచేసే నాయిస్ రిడక్షన్‌కి నమూనా ఇచ్చి తీసేయొచ్చు. పాఠం మధ్యలో ఫ్యాన్ హెచ్చి తగ్గితే ఆ నమూనా పనికిరాదు, బలవంతంగా తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. కాబట్టి ఫ్యాన్ అసలు లేవకుండా చూడటమే పని.

విండోస్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే చోట 100 తీసి 99 పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దీంతో టర్బో వేగం, అంటే ప్రాసెసర్ కాసేపు మామూలు వేగం దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది కానీ ఫ్యాన్‌ని లేపేది ఆ టర్బోనే. కొన్నిట్లో ఆ వరస కనపడదు, అప్పుడు ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాప్‌లో సైలెంట్ మోడ్ వెతకండి. రికార్డింగ్‌కి ముందు బ్రౌజర్ మూసేయండి, క్లౌడ్ సింక్, అప్‌డేట్లు ఆపేయండి. ఈ ఒక్క మార్పుతోనే నా పాత ఫ్యాన్ ల్యాప్‌టాప్ మీద పుస్తకాలు పూర్తి చేసిన రోజులున్నాయి.

తర్వాత దుమ్ము. కింది మూత విప్పడం అలవాటు ఉంటే విప్పి, ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని గాలి ఊదండి. పట్టుకోకపోతే గాలి జోరుకి అది తన హద్దు దాటి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ల్యాప్‌టాప్ మూడు నాలుగేళ్లు దాటినదైతే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి. చేతకాకపోతే సర్వీస్ చేసేవాళ్లకి ఇవ్వండి, కష్టమైన పని కాదు. ఫ్యాన్ తిరిగే వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. గాలి మాత్రం సగమే తగ్గుతుంది. దారి శుభ్రంగా ఉంటే ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోవడానికి కారణం అదే.

మైకు కార్డియాయిడ్ రకమైతే, అంటే ముందు వైపు చప్పుడునే ఎక్కువ పట్టేదైతే, దాని వీపు ల్యాప్‌టాప్ వైపు ఉండేలా తిప్పండి, వెనక నుంచి వచ్చే చప్పుడుని అది బాగా వదిలేస్తుంది. చాలామంది స్క్రీన్ చూస్తూ చదవడానికి ల్యాప్‌టాప్‌ని పక్కన పెట్టుకుంటారు, అక్కడైతే ఆ లాభం పోతుంది. నోటికి మైకు దగ్గరగా, ల్యాప్‌టాప్‌కి దూరంగా. పొడుగు యూఎస్‌బీ వైరు ఒకటి తెచ్చుకుంటే అయిపోతుంది. డెస్క్‌టాప్ వాడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇంకా సులువు. నాక్టువా 2021లో ఎన్‌హెచ్-పీ1 అనే ఫ్యాన్ లేని హీట్‌సింక్ తెచ్చింది, ఒక్కటే 1.18 కిలోల లోహం. మరీ ఆకలిగొన్న ప్రాసెసర్ కాకపోతే దాంతో సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా కొత్త ల్యాప్‌టాప్ కొనాలనిపిస్తే, ప్రకటన పక్కన పెట్టి రివ్యూల్లో రెండు విషయాలు చూడండి. అరగంట ఏకధాటిగా పని పెట్టినప్పుడు ప్రాసెసర్ ఎన్ని వాట్ల దగ్గర నిలకడగా ఉంది అనేది ఒకటి. మొదటి నిమిషం స్కోరు కాదు, ముప్పయ్యో నిమిషం అంకె. రెండోది, తేలికపాటి పనిలో ఫ్యాన్ పూర్తిగా ఆగుతుందా, ఆగితే ఎంత పని మీద మళ్లీ లేస్తుంది అనేది. మీ పనికి ఫ్యాన్ ఉన్నా పర్వాలేదు, రికార్డు చేసే గంటసేపు లేవకుండా ఉంటే చాలు. వీడియో ఎడిటింగ్ కూడా దాని మీదే చేస్తారా? చేస్తే ఫ్యాన్ లేనిది తీసుకోకండి, ఫ్యాన్‌ని ఆపుకునే వీలున్నది తీసుకోండి. ఎడిటింగ్ లేదు, పాఠాలు చెప్పి అప్‌లోడ్ చేయడమే అంటే ఎం సిరీస్ మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటి ఫ్యాన్ లేనిది నిశ్చింతగా కొనేయొచ్చు. మీ ల్యాప్‌టాప్ మోడల్, మైకు ఏదో కామెంట్‌లో రాస్తే ఆ 99 శాతం సెట్టింగ్ దానికి ఉందో లేదో చూసి చెబుతాను.